ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్, ప్రవేశ నియంత్రణ: పలువురి చేతుల మీద నడిచే కంప్యూటరుకు కాపలా

కంప్యూటర్ స్విచ్ వేయగానే, విండోస్ గానీ లినక్స్ గానీ మేల్కొనక ముందే, మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్‌లో ఉన్న ప్రోగ్రాము పని మొదలుపెడుతుంది. మెమరీని, కీబోర్డును, డిస్కును ఒకసారి తడిమి చూసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో తేల్చేది అదే. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. పాత పేరు బయోస్, ఇప్పటి రూపం యూఈఎఫ్ఐ. ఈ దశలో యంత్రం అడిగే రహస్య పదమే ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్. అది దాటాక ఎవరు లాగిన్ కావచ్చు, ఏ ఫైలు తెరవచ్చు, ఏ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టవచ్చు అని నిర్ణయించే ఏర్పాట్లన్నిటికీ కలిపి ప్రవేశ నియంత్రణ అని పేరు.

మహబూబాబాద్ జిల్లా మరిపెడ వరంగల్–ఖమ్మం రహదారి మీది పట్టణం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఉండేది, 2018లో మున్సిపాలిటీ అయింది. కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్ల కోసం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి జనం వచ్చేది ఇలాంటి మండల కేంద్రాల్లోని మీసేవ దుకాణాలకే. సాగు భూమి రిజిస్ట్రేషన్‌కు తహసీల్దారు ఆఫీసుకు పోవాలి. ఈ రెండు చోట్లా కంప్యూటర్ ఒక మనిషిది కాదు. పొద్దున ఒకరు కూర్చుంటారు, మధ్యాహ్నం ఇంకొకరు. యజమాని భోజనానికి లేస్తే పక్కనున్న కుర్రాడు మౌస్ పట్టుకుంటాడు. పాడైతే మెకానిక్ దుకాణానికి తీసుకుపోతాడు. భద్రత మీద వచ్చే పుస్తకాలు ఎక్కువగా సముద్రాల అవతల కూర్చున్న హ్యాకర్‌ను ఊహించుకుని రాసినవి. మన దగ్గర ముందుగా ఆలోచించవలసింది పక్క కుర్చీలోని మనిషి గురించి. ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తేలేది కూడా ఆ లెక్కలోనే.

బటన్ సెల్ కాలం

1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీలో బయోస్ ఉంది గానీ పాస్‌వర్డ్ లేదు. అమరికలన్నీ బోర్డు మీది చిన్న స్విచ్చులను అటూ ఇటూ నొక్కి మార్చేవారు. 1984లో వచ్చిన పీసీ ఏటీ మోడల్ రెండు కొత్త సంగతులు తెచ్చింది. ఒకటి, అమరికలను గుర్తుపెట్టుకునే సీమాస్ చిప్. గడియారమూ అందులోనే. కరెంటు లేనప్పుడు దాన్ని బతికించడానికి ఒక బ్యాటరీ. రెండోది, పెట్టె ముందు భాగంలో నిజమైన తాళం, తాళంచెవి. తాళం తిప్పితే కీబోర్డు పనిచేయదు. 1987 నాటి పీఎస్/2 శ్రేణిలో స్విచ్ వేయగానే పాస్‌వర్డ్ అడిగే పద్ధతి వచ్చింది. ఆ తర్వాత దాదాపు ప్రతి కంపెనీ దాన్ని అందుకుంది.

ఈ పద్ధతిలోని బలహీనత దాని పుట్టుకలోనే ఉంది. పాస్‌వర్డ్ సీమాస్‌లో ఉంటుంది, సీమాస్ ప్రాణం బ్యాటరీలో ఉంటుంది. డెస్క్‌టాప్ పెట్టె పక్క పలక విప్పి, సీఆర్2032 అనే 3 వోల్టుల బటన్ సెల్‌ను తీసి కాసేపాగి పెడితే పాత బోర్డుల్లో పాస్‌వర్డ్ మాయమైపోయేది. అది కుదరకపోతే బోర్డు మీదే జంపర్ ఉండేది. రెండు పిన్నుల మీది చిన్న ప్లాస్టిక్ మూతను పక్క పిన్నుకు మార్చితే అమరికలన్నీ మొదటికి వచ్చేవి. కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకంలోనే ఈ ఉపాయం అచ్చయి ఉండేది. పైగా కొన్ని బయోస్ కంపెనీలు తమ ఇంజనీర్ల కోసం దొడ్డిదారి పాస్‌వర్డులు పెట్టాయి. అవి చేతులు మారి చివరికి ప్రతి మెకానిక్ నోటికీ వచ్చేశాయి. కొన్ని ల్యాప్‌టాపుల్లో మూడుసార్లు తప్పు కొడితే తెర మీద ఒక అంకె కనిపించేది. ఆ అంకె నుంచి తాళం తెరిచే పాస్‌వర్డ్‌ను లెక్కగట్టే ప్రోగ్రాములు కూడా వచ్చాయి.

ఈ సెల్ ఇంకో తిప్పలు కూడా పెడుతుంది. మన ఊళ్లలో కొన్నేళ్లు నడిచిన డెస్క్‌టాప్ ఉన్నవాళ్లందరికీ అది అనుభవమే. సెల్ అయిపోయిన యంత్రం ప్రతి ఉదయం తేదీ మరిచిపోయి లేస్తుంది. ఎన్నో ఏళ్ల వెనకటి జనవరి 1 చూపిస్తుంది. వెబ్‌సైట్ తెరవబోతే బ్రౌజర్ ససేమిరా అంటుంది. సైటు సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదని దాని ఫిర్యాదు, దాని లెక్కలో మనం ఇంకా ఆ పాత ఏడాదిలోనే ఉన్నాం మరి. నెట్ పోయిందనుకుని రూటర్‌ను పదిసార్లు ఆపి వేసేవాళ్లున్నారు. తేదీ సరిచేస్తే పని జరుగుతుంది గానీ మర్నాడు మళ్లీ అదే తంతు. పాత బోర్డయితే, సెల్‌తో పాటే పెట్టుకున్న బయోస్ పాస్‌వర్డ్ కూడా పోయి ఉంటుంది. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే తప్ప ఆ సంగతి తెలియదు.

ల్యాప్‌టాపుల తీరు వేరు. వాటిలో చాలావరకు పాస్‌వర్డ్ బ్యాటరీ అవసరం లేని చిప్‌లో భద్రమవుతుంది. సెల్ తీసినా, బ్యాటరీ ఊడదీసినా చెక్కుచెదరదు. వ్యాపార శ్రేణి ల్యాప్‌టాపుల్లో కొన్నింటికి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరిచిపోతే మదర్‌బోర్డే మార్చుకోవాలని తయారీదారులు రాతపూర్వకంగా చెబుతారు. చిప్‌ను ప్రత్యేక పరికరంతో చదివి, తిరగరాసి తెరిచే మెకానిక్కులు పెద్ద పట్టణాల్లో ఉన్నారు. అంటే చేయలేని పని కాదు, తీరిక, పనిముట్లు, నైపుణ్యం మూడూ కావాలి. అయిదు నిమిషాల అవకాశం దొరికిన దొంగను ఆపడానికి అది చాలు.

మూడు తాళాలు

సెట్టింగుల తెరకు వెళ్లాలంటే యంత్రం లేచేటప్పుడు డిలీట్ గానీ ఎఫ్2 గానీ ఇంకో మీట గానీ నొక్కాలి, కంపెనీని బట్టి మారుతుంది. అక్కడ సాధారణంగా రెండు మూడు రకాల పాస్‌వర్డులు కనిపిస్తాయి. అడ్మినిస్ట్రేటర్ లేదా సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే అది కొట్టందే సెట్టింగులు మార్చడం కుదరదు, యంత్రం మాత్రం మామూలుగా లేస్తుంది. యూజర్ లేదా పవర్ ఆన్ పాస్‌వర్డ్ పెడితే అది కొట్టందే యంత్రమే లేవదు. మూడోది హార్డ్ డిస్కుది. ఈ తాళం డిస్కులోనే ఉంటుంది కాబట్టి డిస్కును ఊడదీసి మరో కంప్యూటరుకు తగిలించినా అడుగుతూనే ఉంటుంది.

మీసేవ దుకాణానికి, బడి ల్యాబుకు మొదటిదే అసలు అవసరం. రెండోది పెడితే పాస్‌వర్డ్ పదిమందికి చెప్పాల్సి వస్తుంది, అప్పుడది రహస్యం కాదు. "అన్నా, పాస్‌వర్డ్ ఏం పెట్టినవ్?" అని గల్లీ అవతలి నుంచి కేకేస్తే లోపలి నుంచి అంతే గట్టిగా జవాబు వచ్చే చోట ఎంత పొడవైన పాస్‌వర్డ్ అయినా ఒకటే.

సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌కు అంత ప్రాధాన్యం ఎందుకంటే, అది బూట్ వరుసను కాపాడుతుంది. యంత్రం ముందు డిస్కును వెతకాలా, పెన్‌డ్రైవ్‌ను వెతకాలా అన్నది ఆ వరుసలో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌కు అవకాశమిస్తే, దానిలోని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ లేస్తుంది. అప్పుడు విండోస్ పాస్‌వర్డ్‌కు విలువ ఉండదు, ఎందుకంటే విండోస్ అసలు నిద్రే లేవలేదు. డిస్కులోని ఫైళ్లన్నీ మామూలు సంచీలో సరుకుల్లా కనిపిస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచి కూడా లేచే హిరెన్స్ బూట్ సీడీ పేరు తెలియని రిపేరు దుకాణం మన దగ్గర అరుదు. మరిచిపోయిన విండోస్ పాస్‌వర్డ్‌ను తుడిచేయడం దానితో చేసే పనుల్లో ఒకటి. అదే పెన్‌డ్రైవ్ మెకానిక్ చేతిలో మందు, మరొకరి చేతిలో మారుతాళం.

కాబట్టి చేయాల్సినవి రెండూ ఒకేసారి చేయాలి: డిస్కును ముందు వరుసలో పెట్టి, బయటి పరికరాల నుంచి లేవడాన్ని ఆపేసి, ఆపై సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ బిగించడం. కొన్ని యంత్రాల్లో ఎఫ్12 నొక్కితే ఆ ఒక్కసారికి బూట్ ఎంపిక జాబితా వస్తుంది. దాన్ని మూయకుండా వరుస మార్చి ఊరుకుంటే చేసిన శ్రమ వృథా.

ఇంత చేసినా డిస్కును ఊడదీసి పట్టుకుపోయేవాడిని ఆపలేం. దానికి గట్టి మందు గుప్తీకరణ. విండోస్‌లో బిట్‌లాకర్ 2007 నాటి విస్టాతో వచ్చింది. డిస్కులోని ప్రతి అక్షరాన్నీ సంకేతంగా మార్చి, ఆ తాళంచెవిని టీపీఎం అనే చిప్ సంరక్షణలో ఉంచుతుంది. యంత్రం లేచిన తీరు ఎప్పటిలా ఉంటేనే టీపీఎం తాళంచెవి ఇస్తుంది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 తప్పనిసరి చేసింది. ఎస్‌ఎస్‌డీ రకం డిస్కులు తామే గుప్తీకరణ చేసుకుంటాయని చెప్పుకొన్న రోజులూ ఉన్నాయి. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొన్ని పేరున్న మోడళ్లలో ఆ తాళం పేరుకే ఉందని తేల్చారు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ కూడా డిస్కు మాట నమ్మడం మానుకుని, గుప్తీకరణను బిట్‌లాకర్‌తోనే చేయించసాగింది.

బిట్‌లాకర్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. బయోస్ అప్‌డేట్ చేసినా, సెట్టింగు మార్చినా టీపీఎంకు అనుమానం వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. కొత్త విండోస్ 11 యంత్రాల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే గుప్తీకరణ దానంతటదే మొదలై, ఆ 48 అంకెలూ ఆ ఖాతాలోకే చేరతాయి. ఖాతా ఎవరి ఫోన్ నంబరుతో తెరిచారన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. కొన్న రోజు హడావిడిలో దుకాణదారు తన నంబరే కొట్టి ఉంటే, మీ డిస్కు తాళంచెవి ఆయన దగ్గరున్నట్టే. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఆ అంకెలను కాగితం మీద ప్రింటు తీసి పాసుపుస్తకాల పక్కన దాచుకోవడం మంచిది.

ఫర్మ్‌వేర్ మీదికే దాడి

తాళం సంగతి అలా ఉంచితే, తలుపును తొలిచేవాళ్లు మరో రకం. 1998లో తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్‌హావ్ రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న విరుచుకుపడింది. డిస్కు తొలి భాగాన్ని చెరిపేయడమే గాక కొన్ని యంత్రాల్లో బయోస్ చిప్‌లో కూడా చెత్త రాసేసింది. అలా దెబ్బతిన్న యంత్రం స్విచ్ వేసినా చప్పుడు చేయదు, చిప్‌ను మారిస్తేనో తిరగరాస్తేనో తప్ప. ఫర్మ్‌వేర్‌ను కూడా ఎవరైనా తిరగరాయగలరని ప్రపంచానికి గట్టిగా తెలిసింది అప్పుడే. 2011 ఏప్రిల్‌లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ బయోస్ రక్షణకు మార్గదర్శకాలు విడుదల చేసింది. సంతకం సరిచూడకుండా ఏ అప్‌డేట్‌నూ చిప్‌లోకి రానీయకూడదన్నది వాటి సారం.

2012లో విండోస్ 8తో పాటు వ్యాప్తిలోకి వచ్చిన సెక్యూర్ బూట్ ఆ ఆలోచనకే పొడిగింపు. సంతకం ఉన్న ప్రోగ్రామునే లేవనిస్తుంది. కానీ సంతకం నమ్మకం తాళంచెవి దాచినవాడి జాగ్రత్తను బట్టి ఉంటుంది. 2024 జులైలో బైనార్లీ సంస్థ బయటపెట్టిన సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఎన్నో కంపెనీల యంత్రాల్లో, ఫర్మ్‌వేర్ తయారీదారు నమూనాగా ఇచ్చిన తాళమే మార్చకుండా మార్కెట్లోకి వచ్చేసింది. ఆ తాళం పేరులోనే దీన్ని నమ్మవద్దని ఇంగ్లిషులో రాసి ఉంది. 2018లో ఈసెట్ సంస్థ పరిశోధకులు పట్టుకున్న లోజాక్స్, 2023లో వాళ్లే విశ్లేషించిన బ్లాక్‌లోటస్ ఇలా ఫర్మ్‌వేర్, బూట్ దశల మీద దాడి చేసే ప్రోగ్రాములే. ఇవి మరిపెడ దుకాణం దాకా వస్తాయని భయపడనక్కర్లేదు. కంపెనీ సైటు నుంచి వచ్చే బయోస్ అప్‌డేట్లు వేసుకోవడం మటుకు మానకూడదు.

నాంపల్లి పాఠం

ఈ విషయానికి తెలుగు నేల మీద అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ. మరిపెడ నుంచి హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్ గదుల్లో చదువుకునే పిల్లలకు ఆ పేరు చెబితే చాలు. 2023 మార్చి 5న అసిస్టెంట్ ఇంజనీర్ పరీక్ష జరిగింది. కొద్ది రోజుల్లోనే దాని పత్రం ముందే బయటికి పోయిందని తేలింది. నాంపల్లిలోని కమిషన్ ఆఫీసులో, రహస్య విభాగం కంప్యూటర్‌లోని పత్రాలను లోపలి ఉద్యోగులే కాపీ చేశారని పోలీసుల ఆరోపణ. కాజేసిన యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, నెట్‌వర్క్ చూసుకునేవారికి ఉన్న చొరవ, ఒక పెన్‌డ్రైవ్. వాళ్లు చెప్పిన కథ మొత్తం ఇంతే. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. మార్చి 17న కమిషన్ మరికొన్ని పరీక్షలతో పాటు 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను కూడా రద్దు చేసింది. రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 అది, 503 పోస్టులు. 2 లక్షల 80 వేల మందికి పైగా రాశారు.

ఇందులో కాలిఫోర్నియా నుంచి వచ్చిన వైరస్ లేదు, రష్యా నుంచి చొరబడ్డ ముఠా లేదు. మంచి ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ ఉన్నా ఇది ఆగేదా అంటే, ఒక్కదానితో ఆగేది కాదు, సరైన పాస్‌వర్డ్‌తోనే లోపలికి వెళ్లారన్నది కదా ఆరోపణ. ఆగాలంటే ఇంకేవో ఉండాలి. రహస్య పత్రాలున్న యంత్రం మిగతా నెట్‌వర్క్‌కు దూరంగా ఉండాలి. దానికి పెన్‌డ్రైవ్ పోర్టు పనిచేయకూడదు. ఇద్దరు కలిస్తే తప్ప తెరుచుకోకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు ముట్టుకున్నారో రాసే లాగ్ నెట్‌వర్క్ మనిషి చేతికి అందని చోట ఉండాలి. 2023 జూన్ 11న మళ్లీ జరిపిన ప్రిలిమ్స్ కూడా సెప్టెంబరులో హైకోర్టులో నిలవలేదు. ఈసారి కారణం హాలులో అభ్యర్థుల బయోమెట్రిక్ తనిఖీ జరపకపోవడం. ఒకే పరీక్ష రెండుసార్లు రద్దయింది, రెండుసార్లూ లోపం ఒకే రకానిది: వచ్చిన మనిషి ఎవరో రూఢి చేసుకోలేదు.

చరిత్రలో తొలి పాస్‌వర్డ్ దొంగతనంగా చెప్పుకునేది కూడా లోపలివారి పనే. అమెరికాలోని ఎంఐటీలో 1960ల మొదట్లో ఒకే యంత్రాన్ని పలువురు వాడుకునే సీటీఎస్ఎస్ వ్యవస్థకు పాస్‌వర్డులు పెట్టారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన గంటలు చాలక, అందరి పాస్‌వర్డులున్న ఫైలును ప్రింట్ తీయించుకున్నాడు. ఒక యంత్రం, చాలామంది మనుషులు, చాలని సమయం: అరవై ఏళ్ల తర్వాత మన మండల ఆఫీసులోనూ అదే పరిస్థితి.

ఎవరికి ఎంత

1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రవేశ నియంత్రణకు కొన్ని సూత్రాలు రాశారు. వాటిలో ఇప్పటికీ తిరుగులేనిది, ఎవరికైనా చేసే పనికి ఎంత అవసరమో అంతే అధికారం ఇవ్వాలన్నది. మనిషిని బట్టి కాక పదవిని బట్టి అనుమతులిచ్చే పద్ధతిని 1992లో ఫెరాయిలో, కున్ ప్రతిపాదించారు. ఆపరేటర్ దరఖాస్తు ఎక్కిస్తాడు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారిస్తాడు, తహసీల్దారు సంతకం చేస్తారు. ఈ వరుస మన ఆఫీసులకు కాగితాల కాలం నుంచీ తెలిసిందే.

తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి మొదలైనప్పుడు తహసీల్దార్లే సాగు భూములకు జాయింట్ సబ్ రిజిస్ట్రార్లయ్యారు. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా, అధికారి సంతకం డిజిటల్‌గా మారిన చోట మెలిక మారదు. డిజిటల్ సంతకం సాధారణంగా యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, జనం దాన్ని డాంగిల్ అంటారు. అందులోని తాళాన్ని కాపీ చేయడం కుదరదు, పిన్ కొడితేనే పనిచేస్తుంది. టోకెన్ సీపీయూకు ఎప్పుడూ గుచ్చి ఉంచి, పిన్ ఆపరేటర్‌కు చెబితే మాత్రం సంతకం అధికారిది కాదు, ఆపరేటర్‌ది. చట్టం ముందు బాధ్యత ఇంకా అధికారిదే. భోజనానికి లేచేటప్పుడు టోకెన్ జేబులో పెట్టుకోవడం ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని రక్షణ.

మీసేవ దుకాణంలో చేసుకోగలిగేవి ఇవి. యజమానికి అడ్మిన్ ఖాతా ఒకటి, కూర్చునే ప్రతి ఒక్కరికీ వేరే మామూలు ఖాతా. రోజువారీ పని అడ్మిన్ ఖాతాతో చేయకూడదు, అలా చేస్తే పొరపాటున దిగిన వైరస్‌కు కూడా అడ్మిన్ అధికారాలు వస్తాయి. కుర్చీ లేవగానే విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కి తెర మూయాలి. పోర్టల్ పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో దాచుకోకూడదు. జిరాక్సు కోసం జనం తెచ్చే పెన్‌డ్రైవ్‌లకు వీలైతే పక్కన వేరే యంత్రం ఉంచాలి. పెన్‌డ్రైవ్‌ల బెడద కోసమే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ హైదరాబాద్ కేంద్రం యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే సాధనం తయారు చేసింది. నమోదైన మనిషి, నమోదైన పెన్‌డ్రైవ్ అయితేనే అది పోర్టు తెరుస్తుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా దాన్ని జనానికి ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది.

అదే ఏడాది మే 12న ప్రపంచాన్ని కుదిపిన వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా కొన్ని చోట్ల తాకింది. ఆ దెబ్బకు మందును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకోని యంత్రాలే పడిపోయాయి. బయోస్ పాస్‌వర్డ్ అక్కడ ఏమీ చేయలేదు, ఎందుకంటే దాడి నెట్‌వర్క్ దారిలో, యంత్రం లేచి పనిచేస్తుండగా వచ్చింది. ఫర్మ్‌వేర్ తాళం మనిషి చేతిని ఆపుతుంది, తీగ మీద వచ్చేదాన్ని ఆపలేదు.

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, చట్టం, గడువు

డిగ్రీ పిల్లలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి పాత కంపెనీ ల్యాప్‌టాప్ తెచ్చుకోవడం మామూలే. కొనే ముందు ఒకసారి ఆపి, లేచేటప్పుడు సెట్టింగుల మీట నొక్కి చూడాలి. పాస్‌వర్డ్ అడిగిందంటే అది పాత యజమానిది. తెలియదని దుకాణదారు అన్నాడంటే, కంపెనీ తీసేయకుండా అమ్మిందనుకోవాలి, లేదా దొంగసొత్తని అనుమానించాలి. అలాంటి యంత్రానికి కొత్త విండోస్ వేసినా బూట్ వరుస మన చేతిలో ఉండదు. వ్యాపార శ్రేణి యంత్రాల్లో ఆబ్సల్యూట్ సంస్థ జాడ తీసే ప్రోగ్రాము ఫర్మ్‌వేర్‌లోనే ఉండవచ్చు, డిస్కు మార్చినా అది మళ్లీ లేస్తుంది. పైన చెప్పిన లోజాక్స్ పుట్టింది ఈ ప్రోగ్రామును వంకర తిప్పడంతోనే.

ఒకరి పాస్‌వర్డ్‌నో డిజిటల్ సంతకాన్నో మోసపూరితంగా వాడుకుంటే సమాచార సాంకేతిక చట్టం 2000లోని 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 2008 సవరణతో వచ్చిన సెక్షన్ అది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఆపరేటర్లంతా ఒకే లాగిన్ వాడే చోట ఆ లాగ్ ఎన్ని రోజులు దాచినా ఎవరు చేశారో చెప్పదు.

విండోస్ 10కు సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. సెక్యూర్ బూట్ కోసం 2011లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సర్టిఫికెట్లకు 2026 జూన్ నుంచి గడువు తీరడం మొదలు. కొత్తవి విండోస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి, కొన్ని పాత యంత్రాలకు ముందు బయోస్ అప్‌డేట్ కావాలి. రాకపోతే యంత్రం ఆగిపోదు గానీ, బూట్ దశకు సంబంధించిన కొత్త రక్షణలు దానికి అందవు. అలాంటి యంత్రంలో బయోస్ అప్‌డేట్ వేయబోయే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి, 48 అంకెలు చేతిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే చిప్‌లోని ప్రోగ్రాము పాడవవచ్చు కాబట్టి యూపీఎస్ ఉన్నప్పుడే పెట్టుకోవాలి.